రూపాయికి ఒక ఆట

కనుమ రోజు మధ్యాహ్నం ఇంట్లో మగవాళ్ళంతా పందేల బరి దగ్గరికి వెళ్ళిపోయారు. నేనూ మా మేనల్లుడూ మిగిలాం. వాడికి పందేలు ఇష్టం ఉండవు, నాకూ ఉండవు. ఇంటర్ రెండో ఏడు చదువుతున్నాడు, పండక్కి నాలుగు రోజులు సెలవిచ్చారు. నా కంప్యూటర్లో ఉన్న స్ట్రైకర్స్ 1945 అనే పాత విమానాల వీడియో గేమ్ తెరిచి ఆడడం మొదలుపెట్టాడు. లైఫులన్నీ అయిపోయాక స్క్రీన్ మీద అంకెలు తగ్గుతూ వస్తాయి కదా, అవి రెండు తగ్గేలోపే కాయిన్ మీట నొక్కేస్తున్నాడు. అరగంటకల్లా ఎనిమిది స్టేజీలూ దాటేశాడు.

"అయిపోయింది మావయ్యా. ఇందులో ఏముందని ఏడాది కూర్చున్నావు?" అన్నాడు.

వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు. వాడి కళ్ళకు కనిపించింది అంతే. రైళ్ళూ ఓడలూ విమానాలూ ఉన్నట్టుండి కాళ్ళూ చేతులూ తెచ్చుకుని రోబోలైపోవడం, కాసేపు తూటాలు కురిపించడం, పేలిపోవడం. ఎన్ని కాయిన్లు వేశాడో వాడికి తెలీదు, నేనూ లెక్కపెట్టలేదు. "ఒక్క కాయిన్‌తో ఆడి చూడరా, తెలుస్తుంది" అన్నాను. అది జవాబు కాదని అంటున్నప్పుడే తెలిసింది. వాడు బరి దగ్గర నుంచి వచ్చినవాళ్ళతో కబుర్లలో పడ్డాడు, నేను ఆ ప్రశ్న దగ్గరే ఉండిపోయాను. నెల రోజులైంది. వాడికి చెప్పవలసిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ఒక్క క్రెడిట్‌తో, అంటే ఒక్క కాయిన్‌తో ఆట ముగించడం గొప్పతనం అనో, కష్టం కాబట్టి విలువైనది అనో నేను అనను. కష్టమైనవన్నీ విలువైనవి కావు. నేననేది ఇది: ఈ ఆటల్లో తప్పులకు చోటుంది. మూడు లైఫులు ఉన్నాయి, ఆపదలో గట్టెక్కించే బాంబులు ఉన్నాయి, లైఫుతో పాటు పోయిన తూటాల పవర్ మళ్ళీ ఏరుకునే దారి ఉంది. ఎన్ని తప్పులు చెయ్యొచ్చో ఆట ముందే లెక్కగట్టి మన చేతిలో పెడుతుంది. ఆ లెక్కలో ఎలా గడుపుకొస్తామన్నదే ఆట. ఇంకో కాయిన్ వేసి కంటిన్యూ నొక్కగానే ఆ లెక్క చెరిగిపోతుంది. మిగిలేది బొమ్మలు చూడడం.

కాలువ గట్టు మీద షాపు

1998లో నేను తొమ్మిదో తరగతి. పాలకొల్లులో కాలువ గట్టు దారిలో రేకుల షెడ్డులో ఒక వీడియో గేమ్స్ షాపు ఉండేది. నాలుగు పెట్టెలు. మూడింటిలో కొట్లాట గేములు, చివరిదాంట్లో ఇది. పేరు ఎవరికీ తెలీదు, "ఫ్లైట్ గేమ్" అనేవాళ్ళం. ఆరు విమానాల్లో ఏది తీసుకోవాలన్నదాని మీద బడిలో కూడా వాదించుకునేవాళ్ళం. పి-38, ముస్తాంగ్, స్పిట్‌ఫైర్, మెస్సర్‌ష్మిట్, జీరో, షిండెన్. ఫ్యాన్ వెనకాల ఉండే ఆ షిండెన్‌ని మేం "తిరగేసిన ఫ్లైట్" అనేవాళ్ళం. అలాంటి విమానం నిజంగా ఉండేదని, యుద్ధం ముగిసే ముందు 1945 ఆగస్టులో మొదటిసారి ఎగిరిందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

రూపాయి బిళ్ళకు ఒక ఆట. రోజుకు ఒక్క రూపాయి ఉంటే గొప్ప. అయితే మేం ఒక్క క్రెడిట్‌తో ఆడింది డబ్బు లేకే అని తేల్చెయ్యడం తప్పు. ఆ షాపులో ఒక కట్టుబాటు ఉండేది. వెనక ఎవరైనా నిలబడి ఉంటే కంటిన్యూ చెయ్యకూడదు. ఓనరు పెట్టింది కాదు, ఆయనకు కంటిన్యూలే లాభం. మాలో మేం పెట్టుకున్నది. మెకానిక్ షెడ్డులో పనిచేసే ఒక అన్నయ్య సాయంత్రాలు వచ్చేవాడు, జేబులో చిల్లర ఉండేది. వెనక మేం నలుగురం ఉంటే మాత్రం గేమ్ ఓవర్ కాగానే జరిగిపోయేవాడు. "ఆడు" అనేవాడు, అంతే. మళ్ళీ లైన్లో వెనక్కి వెళ్ళి నిలబడేవాడు.

ఆయన ఆడుతుంటే ఒక విషయం గమనించాను. మూడో స్టేజీలో ఒక లైఫు పోయినా ఆయన ముఖం మారేది కాదు. చెయ్యి మాత్రం మారేది. అప్పటిదాకా స్క్రీన్ పైభాగానికి వెళ్ళి కొట్టేవాడు కాస్తా కిందికి దిగిపోయి, పవర్ ఐటమ్ తేలుతూ దగ్గరికొచ్చేదాకా ఓపికపట్టేవాడు. అది తీసుకున్నాక మళ్ళీ పైకి. తొందరపడి ఐటమ్ వెంట పడేవాడు కాదు. మాకు లైఫు పోతే వెంటనే రెండోది కూడా పోయేది. ఆయనకు అలా పోయేది కాదు. ఆయన దగ్గరున్న నైపుణ్యం తూటాలు తప్పించుకోవడం మాత్రమే కాదు, దెబ్బ తిన్నాక కుదురుకోవడం. మా మేనల్లుడు అరగంటలో అన్ని కాయిన్లు నొక్కినా, కుదురుకోవలసిన అవసరం వాడికి ఒక్కసారి కూడా రాలేదు. అంటే ఈ ఆటలో అన్నిటికన్నా మంచి భాగం వాడికి కనబడనే లేదు.

ఇంకో సాయంత్రం. ఆ అన్నయ్య ఆరో స్టేజీలో ఉన్నాడు, మేం ఎవరం అంతకు ముందు చూడని చోటు. షాపులో ఉన్న వాళ్ళందరం ఆ పెట్టె చుట్టూ చేరాం. కరెంటు పోయింది. చీకట్లో ఎవరూ ఏమీ అనలేదు. ఓనరు గల్లాపెట్టె తడుముకుని రూపాయి తీసి ఆయన చేతిలో పెట్టి "మొదట్నించి ఆడుకో" అన్నాడు. మంచి మనిషి, న్యాయంగానే ఇచ్చాడు. అన్నయ్య మాత్రం ఆ రూపాయి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆయన పోగొట్టుకున్నది రూపాయి కాదు. ఆ ఆరో స్టేజీకి రెండు లైఫులతో, నిండు పవర్‌తో చేరుకోవడం ఆయన ఇరవై నిమిషాల్లో కట్టుకున్న విషయం. రూపాయితో అది తిరిగి రాదు. ఇప్పుడు కాయిన్ మీట నొక్కుతుంటే నాకు అదే గుర్తొస్తుంది. ఆరో స్టేజీ ఎన్నిసార్లయినా తెచ్చుకోవచ్చు. అక్కడికి చేరిన తీరు తెచ్చుకోలేం.

చేతిలో మిగిలిపోయిన బాంబులు

1997లో ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా మొదలుపెట్టిన మేమ్ అనే, పాత షాపు ఆటలను కంప్యూటర్లో ఆడించే ప్రోగ్రాం పుణ్యమా అని ఆ పెట్టె మళ్ళీ దొరికింది. కిందటేడు ఉగాదికి మొదలుపెట్టి, దీపావళి వెళ్ళాక ఒక ఆదివారం ఉదయం మొదటి చుట్టు ఒక్క క్రెడిట్‌తో ముగించాను. ఈ ఆటలో ఎనిమిది స్టేజీల తర్వాత ఇంకా కఠినంగా రెండో చుట్టు ఉంది. నేను చేసింది మొదటిది మాత్రమే, ఆడేవాళ్ళ భాషలో వన్-ఆల్.

ఆ ఏడెనిమిది నెలలూ ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఏ స్టేజీలో పోయాను, ఎలా పోయాను. నెల తర్వాత ఇంకో గడి గీశాను: పోయినప్పుడు చేతిలో ఎన్ని బాంబులు మిగిలాయి. ఆ గడి నా ఆటను మార్చేసింది. మొదటి 40 ఆటల్లో 31 సార్లు చేతిలో బాంబు ఉండగానే పోయాను. స్టేజీ చివర వచ్చే పెద్ద శత్రువు, బాస్ దగ్గర అవసరం పడుతుందని దాచుకోవడం, బాస్ దాకా వెళ్ళకుండానే పోవడం. తూటా తగిలేదాకా బాంబు మీట మీద వేలు ఉండేది, నొక్కేది కాదు.

ఎందుకు నొక్కలేదు? చాలాకాలం దీన్ని చేతివేగం లేకపోవడం అనుకున్నాను. కాదు. బాంబు వేస్తే ఓడిపోయినట్టు అనిపించేది. తప్పించుకోగలను, బాంబు దండగ అనిపించేది. అంటే నేను తప్పు చేశానని ఒప్పుకోవడానికి ఇష్టపడేవాణ్ణి కాదు, ఆ మొండితనానికి లైఫు ఖర్చుపెట్టేవాణ్ణి. ఇది తెలిసినప్పుడు ఆట కట్టేసి చాలాసేపు అరుగు మీద కూర్చున్నాను. ఆఫీసులో సాయం అడగాల్సినప్పుడు అడక్కుండా పని చెడగొట్టుకున్న సందర్భాలు నాకు గుర్తొచ్చాయి, వాటి గురించి ఇక్కడ రాయను.

తర్వాత ప్రతి స్టేజీలో రెండు చోట్లు గుర్తుపెట్టుకున్నాను, అక్కడ ప్రమాదం ఉన్నా లేకపోయినా బాంబు వెయ్యాలని. మొదట్లో బాధగా ఉండేది. మూడు వారాల్లో ఆరో స్టేజీ దాటాను.

కంటిన్యూలతో ఆడితే ఈ గడి గీసే అవసరమే రాదు. బాంబు దాచుకున్నా ఒకటే, వాడేసినా ఒకటే. ఆటను తయారుచేసినవాళ్ళు బాంబు అనే వస్తువును ఎంతో ఆలోచించి పెట్టి ఉంటారు కదా, అది ఒట్టి టపాకాయగా మారిపోతుంది. మీట నొక్కి పట్టుకుంటే వచ్చే ఆ పెద్ద షాట్ కూడా అంతే. దాన్ని ఎప్పుడు వదలాలన్నది నేర్చుకోవలసిన పనే ఉండదు.

ఇంకా దూరం వెళ్ళిన ఆటలున్నాయి. 1996లో వచ్చిన బ్యాటిల్ గరెగ్గాలో ఎంత ఎక్కువ కాలిస్తే, ఎన్ని ఐటమ్‌లు ఏరుకుంటే అంత కఠినమవుతుంది. లైఫు పోతే తేలికవుతుంది. అందుకని బాగా ఆడేవాళ్ళు కొన్ని చోట్ల కావాలనే లైఫు వదులుకుంటారు. మొదటిసారి ఆ వీడియో చూసినప్పుడు పొరపాటున పోయాడనుకున్నాను. రెండోసారీ అదే చోట పోయాడు. అప్పుడు అర్థమైంది. చావడం కూడా అక్కడ ఒక ఎత్తు. కాయిన్లు అంతులేకుండా ఉన్నవాడికి ఆ ఎత్తు వెయ్యాలన్న ఆలోచనే రాదు.

నాకే తేలని సందేహాలు

మొదటిది పాత ప్రశ్నే. ఈ పెట్టెలు చేసింది కాయిన్లు మింగడానికి. మనిషి ఎంత త్వరగా చస్తే షాపువాడికి అంత లాభం. కంటిన్యూ పెట్టింది కూడా కంపెనీవాళ్ళే. వాళ్ళే ఇచ్చినదాన్ని వాడుకోవడం తప్పెలా అవుతుంది?

తప్పు కాదు. అయితే అదే మనుషులు ఇంకో సంగతి కూడా చెప్పారు. చాలా జపాన్ ఆటల్లో కంటిన్యూ చెయ్యగానే స్కోరు సున్నాకి పడిపోతుంది, చివరి అంకె ఒకటి పెరుగుతుంది. మూడు కంటిన్యూలు వాడితే స్కోరు చివర 3 ఉంటుంది. ఎవరు చూసినా తెలిసిపోతుంది. కేవ్ కంపెనీ 1997లో తెచ్చిన దొదొన్‌పాచీలో కంటిన్యూ వాడినవాడికి రెండో చుట్టు తెరుచుకోదు, ఆ చుట్టు చివరన ఉన్న హిబాచి అనే బాస్ కనబడదు. జపాన్లో 1986 నుంచి 1999 దాకా వచ్చిన గేమెస్ట్ పత్రిక దేశం మొత్తమ్మీద హైస్కోర్లు అచ్చువేసేది, షాపుల పేర్లతో సహా. కాయిన్ల కోసం తలుపు తీసి ఉంచినా, అసలు ఆట ఏదో తయారుచేసినవాళ్ళకూ ఆడినవాళ్ళకూ తెలుసు. ఒక్క కాయిన్‌తో చివరిదాకా వెళ్ళే దారి ఆ ఆటలో ఉంది. కాయిన్లు మింగడమే పనైతే ఆ దారి ఉంచనక్కర్లేదు.

రెండోది నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. "ఒక్క క్రెడిట్" అనేది అసలు ఒక కొలతేనా? పెట్టె లోపల బోర్డు మీద చిన్న స్విచ్చులుంటాయి. ఎన్ని లైఫులివ్వాలి, ఎంత కఠినంగా ఉండాలి అన్నది షాపువాడు వాటితో మార్చుకోవచ్చు. మేమ్‌లో ఆ సెట్టింగులు తెరిచి చూసినప్పుడు ఒక నిమిషం కదల్లేకపోయాను. ఫ్యాక్టరీ సెట్టింగులో మూడు లైఫులు. మా షాపులో రెండే ఉండేవి, నాకు బాగా గుర్తు. అంటే ఆ అన్నయ్య ఆరో స్టేజీ చూసింది రెండు లైఫులతో. నేను మూడింటితో. ఆయన ఆట, నా ఆట ఒకటి కాదు. మొదటి నాలుగు స్టేజీలు ఏ వరసలో వస్తాయో కూడా ప్రతి ఆటకూ మారుతుంది. ఒకడికి తేలిక వరస పడొచ్చు, ఇంకొకడికి పడకపోవచ్చు. ఈ కొలబద్ద ఖచ్చితమైనది కాదు, ఒప్పుకుంటాను. ఐనా నా మాటకు ఖచ్చితత్వం అవసరం లేదు. రెండు లైఫులైనా మూడైనా, హద్దంటూ ఒకటి ఉండాలి.

మూడోది మా అక్క అన్నది. రోజంతా పనిచేసి వచ్చినవాడు పది నిమిషాలు సరదాగా చివరి స్టేజీ చూడాలనుకుంటే నీకేం? నాకేమీ లేదు. చేతులు వణికేవాళ్ళున్నారు, కళ్ళు ఆ తూటాలను పట్టుకోలేనివాళ్ళున్నారు. వాళ్ళు ఎన్ని కాయిన్లయినా వేసుకోనీ. నా అభ్యంతరం ఒక్క మాట మీదే, "అయిపోయింది" అన్న మాట మీద. కొబ్బరిచెట్టు ఎక్కినవాడూ, నిచ్చెన వేసుకుని కాయ కోసుకున్నవాడూ ఇద్దరూ కొబ్బరినీళ్ళు తాగొచ్చు. చెట్టెక్కానని మాత్రం ఒకడే అనాలి.

ఇక నావైపు వాళ్ళు చెప్పే ఒక వాదన నాకు అస్సలు నచ్చదు. జీవితంలో కంటిన్యూ లేదు, కాబట్టి ఆటలోనూ ఉండకూడదట. ఈ మాట గోదావరి డెల్టాలో పుట్టినవాడు అనకూడదు. 1996 నవంబరు 6న తుఫాను వచ్చినప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో కోతకొచ్చిన సార్వా పంట నీళ్ళలో ఒరిగిపోయింది. డిసెంబరులో మా తాతయ్య రెండో పంట దాళ్వాకి నారుమడి దున్నించాడు. కాలువలో నీళ్ళొచ్చాయి, నాట్లు పడ్డాయి, వేసవికి పంట చేతికొచ్చింది. ఇంటర్ తప్పినవాళ్ళకు సప్లిమెంటరీ ఉంది. చేపల చెరువు పోయినవాడు మళ్ళీ చేపపిల్లను వేస్తాడు. మనుషులు రెండో అవకాశంతోనే బతుకుతారు, అది ఉండాలి. అయితే తుఫానుకు పడిపోయిన కొబ్బరిచెట్లు దాళ్వాలా తిరిగి రాలేదు. తాతయ్య నాటిన మొక్కలు కాపుకొచ్చేసరికి నేను డిగ్రీ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఏది తిరిగొస్తుంది, ఏది రాదు అన్నది వేరువేరు లెక్కలు. ఆటను బతుకుతో పోల్చి గెలవాలని చూస్తే రెండూ తప్పుగా అర్థమవుతాయి. నేను మాట్లాడేది ఒక పెట్టె గురించి. ఆ పెట్టె నాకు మూడు లైఫులిచ్చింది. అవి చాలు, ఎందుకంటే వాటికి తగ్గట్టే ఆ తూటాలు అమర్చారు.

వాడు అడిగింది

ఇదంతా పోయిన ఆదివారం ఫోన్లో మా మేనల్లుడికి చెప్పాను. వాడు మధ్యలో అడ్డురాలేదు, చివరిదాకా విన్నాడు. తర్వాత అడిగాడు:

"మరి నువ్వు ఏడో స్టేజీ, ఎనిమిదో స్టేజీ ఎలా నేర్చుకున్నావు? సేవ్ చేసి పెట్టుకున్నావు కదా, నేను చూశాను. అక్కణ్ణించే మళ్ళీ మళ్ళీ ఆడావు. అది కంటిన్యూ కాదా మావయ్యా?"

మేమ్‌లో ఆటను ఎక్కడికక్కడ ఆపి దాచుకోవచ్చు. ఎనిమిదో స్టేజీ మొదలును అలా దాచుకుని వంద సార్లకు పైగా ఆడాను. అసలు ఆటలో మాత్రం వాడలేదు. అది సాధన, ఇది ఆట అని నాకు నేను చెప్పుకున్నాను. ఎక్కువమంది అలాగే అంటారు. జపాన్లో షాపుల్లో ఆడినవాళ్ళకు ఈ సౌకర్యం లేదు, వాళ్ళు వేరేవాళ్ళ వెనక నిలబడి చూసి నేర్చుకున్నారు. మేమూ అలాగే నేర్చుకున్నాం, ఆ అన్నయ్య భుజం మీదుగా చూసి. అది సాధనైతే ఇదీ సాధనే అని వాదించొచ్చు. వాడితో అదే అన్నాను.

"ఆయన ఆరో స్టేజీ చూపించడానికి ఆయనకు ఒక ఆట ఖర్చయింది కదా. నీకు ఏం ఖర్చయింది?" అన్నాడు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. నేను చెప్పిన లెక్కనే వాడు నాకు అప్పజెప్పాడు. సేవ్ చేసి ఆడిన ఆ వంద సార్లలో నా తప్పులకు ఖరీదు లేదు, నిజం. ఎనిమిదో స్టేజీలో ఎక్కడ నిలబడాలో నా చేతికి తెలుసు. అక్కడికి ఒకే లైఫుతో, తక్కువ పవర్‌తో వస్తే ఏం చెయ్యాలో మాత్రం ఇప్పటికీ తెలీదు. దాచుకున్న ఆటలో ఎప్పుడూ నిండు పవర్‌తోనే మొదలుపెట్టేవాణ్ణి. ఆ ఆదివారం ఉదయం నేను ముగించగలిగింది అక్కడికి మంచి స్థితిలో చేరాను కాబట్టే. ఆ అన్నయ్యలా కుదురుకోవడం నాకు రాలేదు.

సోమవారం రాత్రి 1997లో వచ్చిన రెండో ఆట, స్ట్రైకర్స్ 1945 టూ మొదలుపెట్టాను. ఇందులో పెద్ద షాట్‌కి మీట పట్టుకుంటే చాలదు, ముందు శత్రువులను కొడుతూ గేజ్ నింపుకోవాలి. నాకు ఏ స్టేజీ తెలీదు, వీడియోలు చూడలేదు. సేవ్ చేసే మీటను సెట్టింగుల్లోంచి తీసేశాను. రాత్రి భోజనాలయ్యాక రోజుకు ఒక్కటే ఆట, పోతే మర్నాడే. నోటు పుస్తకంలో కొత్త పేజీ తీసి బాంబుల గడి పక్కన ఇంకో గడి గీశాను: లైఫు పోయాక ఎంతసేపు నిలిచాను. ఆరు ఆటలయ్యాయి. నాలుగో స్టేజీ ఇంకా చూడలేదు. నిన్న రాత్రి మూడో స్టేజీలో మొదటి లైఫు పోయాక స్క్రీన్ అడుగున ఉండిపోయి పవర్ ఐటమ్ కోసం ఓపికపట్టాను. అది నా దగ్గరికి వచ్చేదాకా బతికే ఉన్నాను.